రాత్రంతా పాత ఊళ్లోనే ఉంటున్నాడు

ప్రశ్న: మావారి ఉద్యోగం కోసం ఎనిమిది నెలల క్రితం వేరే దేశం వచ్చాం. బాబుకు పదిహేనేళ్లు, పాపకు తొమ్మిది. పాప ఇక్కడి భాష గడగడా మాట్లాడేస్తోంది. బాబు మాత్రం స్కూల్లో నోరే విప్పడట. ఇంటికి రాగానే గది తలుపేసుకుంటాడు. అర్ధరాత్రి దాటినా పాత స్నేహితులతో ఫోన్లోనే ఉంటాడు. ఇక్కడి టైం అక్కడికంటే ఐదు గంటలు ముందు. ఎప్పుడూ క్లాసులో ముందుండే పిల్లాడు, ఇప్పుడు లెక్కల్లో కూడా మార్కులు పడిపోయాయి. "నన్నడిగే తీసుకొచ్చారా? తాతయ్య వాళ్ల దగ్గరికి పంపేయండి" అంటాడు. "ఇదంతా మీ భవిష్యత్తు కోసమేగా" అని మావారు కోప్పడతారు. నాకు ఈ భాష సరిగా రాదు. ఆసుపత్రికైనా బ్యాంకుకైనా వాణ్నే వెంటబెట్టుకుని వెళ్తున్నాను. వెనక్కి పంపేయడమే మంచిదంటారా?

జవాబు: ఇప్పుడే పంపకండి. అలాగని "ఆ మాట మళ్లీ ఎత్తొద్దు" అని నోరు మూయించనూ వద్దు. మీ ఉత్తరంలో నాకు మొండితనం కంటే నిద్రలేమి, అర్థంకాని పాఠాలు, పెద్దలు చేయాల్సిన పనులు పిల్లాడి మీద పడటం ఎక్కువగా కనిపిస్తున్నాయి. ముందు ఈ మూడూ సర్దండి. అప్పుడుగానీ వాడు నిజంగా ఏం కోరుకుంటున్నాడో మీకైనా వాడికైనా తెలియదు.

నిద్రతో మొదలుపెట్టండి. అక్కడ స్నేహితులకు రాత్రి తొమ్మిదికి తీరిక దొరికితే మీ దగ్గర రెండవుతుంది. రెండింటికి పడుకుని ఆరున్నరకు లేస్తే నిద్ర నాలుగున్నర గంటలు. ఆ వయసుకు కావాల్సింది 8 నుంచి 10 గంటలు. పైగా యుక్తవయసులో నిద్ర వచ్చే వేళే సహజంగా వెనక్కి జరుగుతుంది, కాబట్టి "తొమ్మిదింటికే పడుకో" అంటే పక్కమీద దొర్లుతాడే తప్ప నిద్రపోడు. చాలినంత నిద్ర లేకుండా కొత్త భాషలో రోజంతా పాఠాలు వినడమంటే పెద్దవాళ్లకే సాధ్యం కాదు.

ఫోన్ మాత్రం లాక్కోకండి. ప్రస్తుతం వాడి మనుషులంతా అందులోనే ఉన్నారు. కబుర్ల వేళ మార్చండి. శని, ఆదివారాల్లో మీకు మధ్యాహ్నం మూడు గంటలంటే అక్కడ ఉదయం పది. అప్పటినుంచి రెండు గంటలు వాడివే. మధ్యలో పని చెప్పొద్దు, చెల్లిని లోపలికి పంపొద్దు. ఆ వేళ స్నేహితులకు వాడే చెప్పుకోవాలి. మిగతా రోజుల్లో వాయిస్ మెసేజ్‌లు చాలు. ఇది కుదిరాక నిద్ర వేళ జరపండి. లేచే వేళ ఒకటే ఉంచి, సెలవు రోజుల్లో మహా అయితే ఒక గంట ఎక్కువ పడుకోనివ్వండి. పడుకునే వేళను మూడు రోజులకొకసారి ఇరవై నిమిషాల చొప్పున ముందుకు తెండి. రెండు గంటలు ముందుకు రావడానికి పద్దెనిమిది రోజులు పడుతుంది. లేవగానే అరగంట బయటి వెలుతురులో ఉండాలి, స్కూలుకు నడిచి వెళ్లినా సరే. ఫోన్లు రాత్రి హాల్లో చార్జింగ్‌కు పెట్టాలి, మీ ఇద్దరివీ కూడా. ఇక్కడ చాలా ఇళ్లలో ఒకటే పొరపాటు జరుగుతుంది: వారం బాగా నడిచాక శనివారం తెల్లవార్లూ మేలుకుంటారు, సోమవారానికి మళ్లీ మొదటికి వస్తుంది.

ఇక చదువు. పాప మాట్లాడేస్తోందని బాబు కూడా మాట్లాడెయ్యాలని లేదు. తొమ్మిదేళ్ల పిల్లలకు ఆటల్లో వంద మాటలొస్తే సరిపోతుంది. పదో తరగతి వయసు పిల్లాడికి ఆ వంద మాటలతో సైన్సు పాఠం అర్థం కాదు. కబుర్ల భాష ఏడాది రెండేళ్లలో పట్టుబడుతుంది, పాఠ్యపుస్తకాల భాషలో తోటివాళ్లను అందుకోవడానికి ఐదు నుంచి ఏడేళ్లు పట్టొచ్చు. విద్యా పరిశోధకుడు జిమ్ కమిన్స్ ఈ తేడాను 1979లోనే వివరించారు. కాబట్టి ఎనిమిది నెలలకు మార్కులు పడిపోవడంలో వింతేమీ లేదు. లెక్కల్లో ఎందుకు పడ్డాయో తెలుసుకోవాలంటే జవాబు పత్రం తెచ్చి చూడండి. సమీకరణం నేరుగా ఇచ్చిన చోట మార్కులు వచ్చి, నాలుగు వాక్యాల కథలా ఇచ్చిన చోట ఖాళీగా వదిలేస్తే వాడికి లెక్కలు రావని కాదు, ప్రశ్న అర్థం కాలేదని.

దీనికి ట్యూషన్ కంటే మేలైన పద్ధతి ఒకటుంది. రేపటి పాఠం ఇవాళే తెలిసేలా టీచర్లను అడగండి, పేజీ నంబర్లు చెప్పినా చాలు. సాయంత్రం ఆ విషయం ముందు మన భాషలో చదవాలి లేదా వినాలి, ఇరవై నిమిషాలు. తర్వాత కొత్త భాషలో ఆ పాఠానికి కీలకమైన ఎనిమిది పది మాటలు రాసుకోవాలి. మర్నాడు క్లాసులో వాడికి కొత్తగా వినాల్సింది భాష ఒక్కటే, విషయం అప్పటికే తెలుసు. దీంతోపాటు పరీక్ష ప్రశ్నల్లో పదే పదే వచ్చే క్రియలు, అంటే వివరించు, పోల్చు, కారణం చూపు, నిరూపించు లాంటి ఓ ఇరవై విడిగా నేర్పించండి. జవాబు తెలిసిన పిల్లలు కూడా ఏం చేయమన్నారో తెలియక మార్కులు పోగొట్టుకునేది అక్కడే.

నోరు విప్పకపోవడం గురించి టీచర్‌తో ఒక ఒప్పందానికి రండి. కొన్ని వారాలు హఠాత్తుగా లేపి అడగొద్దు. రోజుకు ఒక్క ప్రశ్న ముందే చెప్పి, దానికే సమాధానం అడగాలి. నవ్వుతారన్న భయమే చాలామందిని బిగుసుకుపోయేలా చేస్తుంది. ఎవరైనా నిజంగానే వెక్కిరిస్తున్నారని తెలిస్తే తేదీ, చోటు, అన్న మాట, చూసినవాళ్లు - ఇవి రాసిపెట్టి స్కూలుకు రాతపూర్వకంగా ఇవ్వండి. నోటిమాటగా చెప్పిన ఫిర్యాదులు చాలావరకు అక్కడికక్కడే ఆవిరైపోతాయి.

అన్నిటికంటే కష్టమైనది పాఠాల గంట కాదు, భోజనాల గంట. ఎక్కడ కూర్చోవాలో తెలియని ఆ నలభై నిమిషాలు తప్పించుకోవడానికి మరుగుదొడ్డిలో దాక్కునే పిల్లలుంటారు. "స్కూలెలా ఉంది?" అని అడిగితే "బానే ఉంది" అంటాడు. "ఇవాళ భోజనానికి ఎక్కడ కూర్చున్నావు?" అని అడిగి చూడండి. అదీ ఎదురెదురుగా కూర్చోబెట్టి కాదు. నడుస్తూనో కారులో వెళ్తూనో అడిగితే ఈ వయసు పిల్లలు తేలిగ్గా మాట్లాడతారు. ఒంటరిగా కూర్చుంటున్నాడని తెలిస్తే ఆ వేళకు లైబ్రరీలోనో ఏదైనా క్లబ్బులోనో చోటు చూపించమని స్కూల్ కౌన్సెలర్‌ను అడగండి.

స్నేహితుల విషయంలో మీరు కాస్త లెక్కతో ఆలోచిస్తే కంగారు తగ్గుతుంది. ముఖ పరిచయం మామూలు స్నేహంగా మారడానికి కలిసి గడిపే సమయం సుమారు 50 గంటలు, దగ్గరి స్నేహానికి 200 గంటలకు పైగా పడుతుందని కాన్సాస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ 2018లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది. కొత్త ఊళ్లకు మారిన పెద్దవాళ్లు, కాలేజీలో కొత్తగా చేరినవాళ్లు అందులో పాల్గొన్నారు. పిల్లలకు అచ్చంగా ఆ అంకెలే వర్తించకపోవచ్చుగానీ అంచనాకు పనికొస్తాయి. వారానికి రెండుసార్లు, గంటన్నర చొప్పున ఏదైనా జట్టులో ఉంటే 50 గంటలకు నాలుగు నెలలు. అందుకే నెలకో క్లబ్బు మార్చితే లాభం లేదు. మాటలతో పెద్దగా పనిలేనిది ఎంచుకోనివ్వండి: ఆట, వాద్యం, చదరంగం, బొమ్మలు, యంత్రాలు విప్పి బిగించే క్లబ్బు. అక్కడ తనకు ముందే వచ్చిన విద్య అయితే మరీ మంచిది. తెలివైనవాడన్న పేరు పాత ఊళ్లోనే వదిలేసి వచ్చాడు కదా, ఏదో ఒక చోట మళ్లీ "వీడికి వచ్చు" అనిపించుకోవాలి.

ఇప్పుడు మీ గురించి. వాణ్ని ఆసుపత్రికీ బ్యాంకుకూ దుబాసీగా తీసుకెళ్లడం ఆపండి. డాక్టర్ చెప్పిన భయపెట్టే మాటను పిల్లలు మింగేస్తారు, అర్థం కాని మాటను ఊహించి చెబుతారు. అమ్మ ఒంట్లో ఏముందో, ఇంట్లో డబ్బెంతుందో అవసరానికి మించి తెలిసిపోతుంది. ఆ తర్వాత "నువ్వు చిన్నపిల్లాడివి, నీకేం తెలుసు" అంటే ఎలా నమ్ముతాడు? అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అనువాదకులు కావాలని చెప్పండి. చాలాచోట్ల ఫోన్ మీదైనా ఏర్పాటు చేస్తారు. స్కూల్లో తల్లిదండ్రుల సమావేశానికైతే వాణ్ని దుబాసీగా అసలే పెట్టొద్దు, తన మీద ఫిర్యాదును తనే ఎలా చెబుతాడు? దుకాణంలో ధర అడగడం, వచ్చిన ఉత్తరం ఎవరి నుంచో చూడటం లాంటివి పర్వాలేదు. మీరూ భాషా తరగతుల్లో చేరండి. తప్పులతో మాట్లాడే అమ్మను ఇంట్లో చూస్తే వాడికీ ధైర్యం వస్తుంది.

ఇంట్లో మన భాషే మాట్లాడండి. అరకొర కొత్త భాషలో మాట్లాడితే పిల్లలకు మీనుంచి ఆజ్ఞలే అందుతాయి, మనసులో మాట అందదు.

మీవారికి ఒక్క మాట. "మీ కోసమే వచ్చాం" అన్న ప్రతిసారీ వాడు అడగని అప్పు వాడి నెత్తిన పడుతోంది. "ఈ నిర్ణయం మాది. నిన్ను ముందే అడగాల్సింది. నువ్వు పోగొట్టుకున్నది చిన్నది కాదు" అని ఆయనే చెప్పాలి, వెంటనే "కానీ" అనకుండా.

వెనక్కి పంపే విషయం ఈ విద్యా సంవత్సరం పూర్తయ్యాక కూర్చుని మాట్లాడదామని తేదీతో సహా వాడికి చెప్పండి. బెదిరింపుగానూ బహుమతిగానూ ఆ మాట వాడొద్దు. ఆ రోజున చూడాల్సినవి: నిద్ర గాడిలో పడిందా, ఒక్క స్నేహితుడైనా ఉన్నాడా, చదువు ఏ దిక్కుగా సాగుతోంది, వాడేమంటున్నాడు. ఈలోగా అక్కడి సిలబస్‌కూ ఇక్కడి సిలబస్‌కూ ఎంత తేడా వచ్చింది, ఏడాది పోతుందా, పదిహేనేళ్ల పిల్లాడి రాత్రింబవళ్లు చూసుకునే ఓపిక తాతయ్యకూ అమ్మమ్మకూ ఉందా కనుక్కోండి. ఎక్కువ కాలం దేశం బయట ఉంటే నివాస అనుమతి రద్దయ్యే నిబంధనలు చాలా దేశాల్లో ఉంటాయి, టికెట్ కొనేముందే అది తేల్చుకోవాలి. సెలవుల్లో ఒకసారి వెళ్లిరావడం మాత్రం మంచిదే, తిరుగు టికెట్ తేదీ వాడికి ముందే తెలిసి ఉంటే. స్నేహితులు కూడా మారారని అక్కడే చూస్తాడు.

పాత స్నేహితులతో ఇంకా గంటల తరబడి మాట్లాడుతున్నాడంటే నాకు ఆశగానే ఉంది. వాళ్లతో కూడా మాటలు మానేసినా, రెండు వారాలకు పైగా తిండి, ఇష్టమైన పనులు, స్నానం లాంటివి వదిలేసినా, తనకిష్టమైన వస్తువులు పంచిపెట్టేస్తున్నా, చావు మాట ఎత్తినా ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగొచ్చు, అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. ఔనంటే ఆ రాత్రి వాణ్ని ఒంటరిగా ఉంచకండి, మీరిప్పుడున్న దేశంలోని అత్యవసర సేవలకు ఫోన్ చేయండి.

పాప సంగతి కూడా గమనిస్తూ ఉండండి. "చెల్లిని చూసి నేర్చుకో" అనడం ఇవాళ్టితో మానేయండి. బాబు తప్పుకున్న దుబాసీ పని ఇప్పుడు ఆ తొమ్మిదేళ్ల పిల్ల చేతికి పోకూడదు.