కందిరీగల సర్వే చేస్తానంటున్న బిడ్డను ఆపాల్నా, పంపాల్నా?

నల్గొండ జిల్లా దేవరకొండ వైపు నుంచి ఒక తండ్రి రాసిండ్రు. బిడ్డ బీఎస్సీ బీజడ్‌సీ రెండో సంవత్సరం. చేతిల చిన్న చిన్న సీసాలు పట్టుకొని బత్తాయి తోటల తిరుగుతున్నదట, మన జిల్లాల ఎన్ని రకాల కందిరీగలున్నయో, ఏ రకం ఎక్కడెక్కడ ఉన్నదో లెక్క తీస్తా, ముందు ముందు అదే చదువుతా అంటున్నదట. చుట్టాలేమో పురుగులు పడితే అన్నం పెడతయా, బీఎడ్ చేయించు అంటున్నరు. పైగా మైక్రోస్కోప్ కొనియ్యమంటున్నది, ఏం చెయ్యమంటరు అని అడిగిండ్రు.

అన్నా, ముందు సూటిగా చెప్తా. కందిరీగల సర్వే కోసమని వేరే ఉద్యోగ నోటిఫికేషన్ మీకు పేపర్ల కనపడదు. ఆ పని చేసేటోళ్లు దేశంల జంతువుల లెక్క తీసే కేంద్ర సంస్థ జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాల సైంటిస్టులుగానో, కాలేజీల లెక్చరర్లుగానో, ఏదన్న ప్రాజెక్టుల రీసెర్చ్ ఫెలోలుగానో ఉండి చేస్తరు. పోస్టులు తక్కువ, దారి పొడుగు, ఎమ్మెస్సీ 2 ఏండ్లు, ఆ తర్వాత పీహెచ్‌డీకి ఇంకో 5 ఏండ్లు వేసుకోండి. ఇది తెలిసినంక కూడా ఆపొద్దనే నేనంటా.

మనకు కందిరీగ అంటే కుట్టేదే గుర్తొస్తది, చూరు కింద గూడు, పిల్లలు రాయి వేసుడు, అందరు ఉరుకుడు. కానీ కందిరీగల్ల ఎక్కువ జాతులు మనల్ని కుట్టనే కుట్టవు, కొన్నైతే ఆవగింజ కన్నా చిన్నగుంటయి, వేరే పురుగుల గుడ్లల్ల, గొంగళ్లల్ల తమ గుడ్లు పెట్టి వాటిని లోపల్నుంచే తినేస్తయి. వరి, పత్తి రైతులకు చేన్ల కట్టమని చెప్పే ట్రైకోకార్డులు ఉన్నయి కదా, ఆ కార్డు మీద ఉండేది ట్రైకోగ్రామా అనే ఈ బుల్లి కందిరీగనే. బొప్పాయి తోటల్ని పిండినల్లి నాశనం చేస్తుంటే 2010ల ప్యూర్టోరికో నుంచి అసెరోఫాగస్ పపాయే అనే కందిరీగను తెప్పించి వదిలిండ్రు, మందు కొట్టి కొట్టి లొంగనిది దానికి లొంగింది. మరి మన దగ్గర ఏ కందిరీగలున్నయో, ఏ పంటల, ఏ నెలల కనపడతయో రాసి పెట్టిన మనిషి లేకుంటే ఇట్లాంటి పనికి మొదలెక్కడ? మీ చుట్టాలకు ఇంకో మాట చెప్పండి, బెంగళూరు ఐఐఎస్సీల రాఘవేంద్ర గదగ్కర్ గారు రోపలీడియా మార్జినేటా అనే ఒక్క జాతి కందిరీగ మీదనే దశాబ్దాలు పనిచేసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నరు.

అమ్మాయిది సరదానా, నిజం ఆసక్తినా అన్నది మాత్రం చూసుకోవాలె. ఇంట్లోనే తేలుతది. బత్తాయి లేత ఆకు మీద నిమ్మ సీతాకోకచిలుక పెట్టిన గుడ్లు ఉంటయి, లేత పసుపుగ, గుండ్రంగ, ఒక్కొక్కటిగ. వాటిల్ల కొన్ని నల్లబడి ఉంటయి, వాటిని ఆకుతో సహా సీసాల వేసి మూతికి సన్న గుడ్డ కట్టి పెట్టమనండి. ట్రైకోగ్రామా సోకిన గుడ్డైతే గొంగళి రాదు, వారం పది రోజుల్ల దుమ్ము లెక్క చిన్న చిన్న కందిరీగలు బయటపడతయి. ఆ వారమంతా రోజూ చూసి, తేదీ వేసి రాసుకున్నదా, ఒక్కటే గుడ్డు పెట్టి వదిలేసిందా, పది పదిహేను పెట్టి ఎన్నిట్ల ఏమొచ్చిందో లెక్క పెట్టిందా? పెట్టిందంటే ఈ పిల్ల చేసుకుంటది, మీరు బెంగపడకండి.

ఇగ సర్వే మాట. జిల్లా మొత్తం అంటే ఒక్క మనిషితోని అయ్యేది కాదు, ఒక మండలం పట్టుకోమనండి, దాంట్ల బత్తాయి తోట ఒకటి, పత్తి చేను ఒకటి, చెరువు గట్టు ఒకటి. బజార్ల దొరికే పసుపు ప్లాస్టిక్ ప్లేట్లు చాలు, సగం నీళ్లు పోసి ఒక చుక్క గిన్నెలు కడిగే లిక్విడ్ వేసి పొద్దున నేల మీద పెడితే ఆ రంగుకు వచ్చి పడతయి, సబ్బు ఉంటది కాబట్టి మళ్ల లేవలేవు. సాయంత్రం చాయ్ జాలితో వడకట్టి 70 శాతం ఇథనాల్‌ల వెయ్యాలె, అది కాలేజీ ల్యాబ్‌ల అడగొచ్చు. ఏమీ పడని ప్లేటు లెక్క కూడా రాయాలె, లేదన్నది కూడా సమాచారమే కదా.

వీటన్నిటికన్నా లేబుల్ ముఖ్యం అన్నా, ఇది బిడ్డకు గట్టిగ చెప్పండి. ఊరు, మండలం, తేదీ, ఏ చెట్టు మీద, ఎట్ల పట్టింది, ఎవరు పట్టింది, ఫోన్‌ల జీపీఎస్ చూసి అక్షాంశ రేఖాంశాలు, అన్నీ పెన్సిల్‌తోనే రాయాలె, బాల్‌పెన్ సిరా ఇథనాల్‌ల కరిగిపోతది. జీపీఎస్ ఎందుకంటే మన జిల్లాల గీతలు మారుతనే ఉంటయి, పాత నల్గొండ 2016ల మూడు ముక్కలైంది, పాత మహబూబ్‌నగర్‌ల నుంచి 2019ల నారాయణపేట కూడా విడిపోయింది, ఉత్త నల్గొండ అని రాసి పెడితే రేపు అది సూర్యాపేటనో భువనగిరినో ఎవరికి ఎరుక. లేబుల్ సరిగ్గా ఉన్న రెండొందల పురుగులు పట్టుకొని పోతే ఏ పీహెచ్‌డీ గైడ్ అయినా కూసోబెట్టి మాట్లాడతరు, ఉత్త మార్కుల మెమో పట్టుకొని పోతే ఆ మర్యాద దొరకదు. గూళ్ల జోలికి మాత్రం పోనియ్యద్దు, పొట్ట మీద పసుపు పట్టీ ఉండే పెద్ద కందిరీగ గూడైతే అస్సలు వద్దు. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ దగ్గరనే కదా అని అటు కూడా పోవద్దు, అటవీ శాఖ పర్మిషన్ లేకుండ ఒక్క పురుగు పట్టినా కేసైతది.

చదువు సంగతికొస్తే, ఎంటమాలజీ, అంటే పురుగుల శాస్త్రం, అనంగనే అగ్రికల్చర్ యూనివర్సిటీ అనుకుంటరు గానీ అక్కడి ఎమ్మెస్సీకి మామూలుగ బీఎస్సీ అగ్రికల్చర్ వాళ్లనే తీసుకుంటరు, బీజడ్‌సీకి ఆ తలుపు దాదాపు మూసినట్టే. మీ బిడ్డ దారి ఎమ్మెస్సీ జువాలజీ, ఉస్మానియా లాంటి చోటికి సీపీగెట్, సెంట్రల్ యూనివర్సిటీలకు సీయూఈటీ పీజీ, ఈ రెండు ఎంట్రెన్స్ పరీక్షలూ రాయాలె. ఆ వెంటనే రీసెర్చ్‌కు, లెక్చరర్ పోస్టుకు అర్హత ఇచ్చే పరీక్ష సీఎస్ఐఆర్ నెట్, లైఫ్ సైన్సెస్‌ల. దాంట్ల జేఆర్‌ఎఫ్, అంటే రీసెర్చ్ ఫెలోషిప్, వస్తే 2023 నుంచి మొదటి రెండేండ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000, ఇంటి కిరాయి భత్యం వేరే, అంటే పీహెచ్‌డీ చేసుకుంట మీ మీద పడకుండనే బతుకుతది. ఆడపిల్లలకు జేఆర్‌ఎఫ్ వయసుల 5 ఏండ్ల సడలింపు కూడా ఉన్నది. జేఆర్‌ఎఫ్ రాకున్నా ఉత్త నెట్ వస్తే డిగ్రీ కాలేజీ లెక్చరర్ పోస్టుకు అర్హత, ఎమ్మెస్సీ ఉంటే జూనియర్ లెక్చరర్‌కు కూడా రాసుకోవచ్చు.

బీఎడ్ ఎటూ పోదు, ఎమ్మెస్సీ అయినంక కూడా చెయ్యొచ్చు. రెండు సార్లు నెట్ రాసి రాకపోతే అప్పుడు చేయించండి, నేనే చెప్తా చేయించమని. ఇప్పుడే చేయిస్తే మాత్రం పిల్ల టీచర్ అయితది గానీ ఇష్టంగ కాదు.

మైక్రోస్కోప్ ఇప్పుడే కొనకండి. కాలేజీ ల్యాబ్‌ల ఉండే దాంట్ల చూసుకోవడానికి వారంల రెండు మధ్యాహ్నాలు హెచ్ఓడీని అడగమనండి, ఉత్తరం రాసి అడిగితే సాధారణంగ కాదనరు. ఇంట్లకు ఫోన్‌కు తగిలించే మ్యాక్రో లెన్స్ ఒకటి, చేతి భూతద్దం ఒకటి, మూత గట్టిగ పడే సీసాలు ఒక డజను కొనియ్యండి, అవి జూన్ వానలు మొదలుకాకముందే కొనాలె, మొదటి వానల తర్వాతనే పురుగులు బాగా లేస్తయి.