అద్దె ఇంటి గోడకు తక్కువ ఖర్చులో ఏం వేలాడదీయొచ్చు?

తిరుపతిలో అద్దె ఇల్లు, ఓనర్ మేకులు కొట్టనివ్వరు, 150 రూపాయల్లో హాలు కళగా ఉండాలి. ఇదే కదా మీ ప్రశ్న? నేనైతే కలంకారీ గుడ్డముక్కలతోనే మొదలుపెట్టమంటాను.

జాకెట్లు కుట్టే టైలర్ దగ్గర మిగిలిన ముక్కలు అడగండి, చాలామంది ఊరికే ఇచ్చేస్తారు. శ్రీకాళహస్తి కలంకారీ అంటే వెదురు కలంతో చేత్తో గీసేది, దాని ధర వేరు. మీటర్ల లెక్కన చవకగా దొరికేది ఎక్కువగా ప్రింటే. మన పనికి అది చాలు.

గుండ్రటి ఎంబ్రాయిడరీ ఫ్రేములో ముక్కను బిగించి, అంచును రెండు వేళ్ల వెడల్పు వదిలి కత్తిరించండి. ఆ అంచును వెనక్కి మడిచి ఫెవికాల్‌తో అంటించాలి. జిగురు పలుచగా రాయండి. నా మొదటి ఫ్రేము నిండా మరకలే, జిగురు ముందువైపుకి ఊరిపోయింది! ముందే గుడ్డను ఇస్త్రీ చేసుకుంటే ముడతలు రావు.

కింద ఉలెన్ దారం కుచ్చులు కడితే అందం. నాలుగు వేళ్ల వెడల్పు అట్టముక్కకి దారం 30 చుట్లు చుట్టి, పైన ముడివేసి, కింద కత్తిరించండి. అట్ట తీసేసి, ముడికి కాస్త కింద మరో దారంతో బిగిస్తే కుచ్చు తయారు.

ఇలాంటివి మూడు, చిన్నాపెద్దా సైజుల్లో పెడితే బాగుంటుంది. బరువుండవు కాబట్టి అంటించే హుక్కులు చాలు. కాకపోతే సున్నం రాలే గోడకు అవి నిలవవు. అప్పుడు కర్టెన్ రాడ్డుకే కట్టేయండి.