ఆసుపత్రిలో మందు ఇచ్చే ముందు నర్సు రోగి చేతిపట్టీని ఎందుకు స్కాన్ చేస్తారు? పేరు అడిగితే చాలదా?

చాలదు, ఈ మందు ఈ మనిషికే, ఈ మోతాదులో, ఈ వేళకే రాశారా అని ఆఖరి క్షణంలో సరిచూడటానికే ఆ స్కాన్. డాక్టరు రాతలోనో, ఫార్మసీలోనో తప్పు దొర్లితే పట్టుకోవడానికి తర్వాత ఇంకొకరుంటారు. మంచం దగ్గర జరిగే తప్పుకు ఆ అవకాశం లేదు, మందు ఒంట్లోకి వెళ్లిపోతుంది.

హైదరాబాద్‌లో ఏ ఆసుపత్రి వార్డులోనైనా ఇద్దరు లక్ష్మిలు ఉండటం వింతేమీ కాదు. ఒకరికి ఇన్సులిన్ రాశారనుకోండి. మగతగా ఉన్న రెండో ఆవిడను ‘లక్ష్మిగారేనా?’ అని అడిగితే ‘ఊఁ’ అంటారు. అది అబద్ధం కూడా కాదు! కానీ ఆవిడ పట్టీ మీది నంబరు వేరు కాబట్టి స్క్రీన్ మీద హెచ్చరిక వస్తుంది, నర్సు ఆగుతారు. స్కానర్లు లేని ఆసుపత్రుల్లో పేరు, నంబరు రెండూ కేస్ షీట్‌తో పోల్చి చూస్తారు.

స్కాన్ అంతా బిల్లు కోసమేనని చాలామంది అనుకుంటారు. మందు ఇచ్చిన సమయం రికార్డులో ఎక్కే మాట నిజమే, అసలు పని మాత్రం అది కాదు. ఇంకో అపోహ, మెషిన్ ఓకే అంటే నర్సు ఆలోచించక్కర్లేదని. స్కాన్ సరిపోయినా, అప్పుడే చూసిన షుగర్ 62కు పడిపోయి ఉంటే ఇన్సులిన్ ఆపి డాక్టరుకు చెప్పాల్సింది నర్సే.

పట్టీ బిగుతుగా ఉందని విప్పి మంచానికి కట్టేస్తే మాత్రం స్కాన్ చేసీ లాభం లేదు. వదులు చేయమని అడగండి.