ఎ320 ఎక్కాలంటే భయమేస్తోంది

ప్రశ్న: మా అమ్మాయి ఎప్పుడూ ఎయిర్‌బస్ కంపెనీ ఎ320 విమానంలోనే వస్తుంది. ఆ మధ్య వాటిలో చాలావాటికి హడావిడిగా సాఫ్ట్‌వేర్ మార్చారట. టెన్షన్‌గా ఉందండీ.

జవాబు: టెన్షన్ వద్దమ్మా. 2025 అక్టోబరు 30న మెక్సికోలోని కాంకున్ నుంచి అమెరికాలోని నెవార్క్ వెళ్తున్న జెట్‌బ్లూ సంస్థ ఎ320 ఉన్నట్టుండి కిందికి జారింది. కొందరికి దెబ్బలు తగిలాయి. పైలట్లు దారిలో ఉన్న అమెరికా నగరం టాంపాలో దించారు. విమానాన్ని పక్కలకు వంచే రెక్కల మీది ఐలరాన్లను, ముక్కును పైకీ కిందికీ తిప్పే తోకలోని ఎలివేటర్లను నడిపే ‘ఎలాక్’ కంప్యూటర్‌లో తీవ్రమైన సౌర వికిరణం వల్ల డేటా చెడిపోవచ్చని ఎయిర్‌బస్ చెప్పింది. నవంబరు 28న యూరప్ విమాన భద్రతా సంస్థ దాన్ని సరిచేయమని అత్యవసర ఆదేశమిచ్చింది. చాలావాటికి ఆ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షనే తిరిగి ఎక్కించారు, రెండు మూడు గంటల పని. హ్యాంగర్‌లో పనిచేసినవాణ్ణి కాబట్టి ధైర్యంగా చెబుతున్నా: ఎక్కించాక సాఫ్ట్‌వేర్ పార్ట్ నంబరు (ఏ వెర్షనో చెప్పే గుర్తు) సరిచూసి ఇంజినీరు సంతకం పెడితేగానీ విమానం కదలదు. మీ అమ్మాయిని నిశ్చింతగా రమ్మనండి.