దగ్గుకెళ్తే ఎముకల గొడవేంటి?

ప్రశ్న: మా అమ్మకి 62 ఏళ్లు. దగ్గు తగ్గట్లేదని ఛాతీ ఎక్స్‌రే తీయిస్తే ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయిగానీ, కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ ఎముకలు పల్చబడ్డాయని చూపిస్తోంది, డెక్సా (ఎముకల సాంద్రత కొలిచే స్కాన్) చేయించండి అన్నారు. ఇది డబ్బులు గుంజడమేనా డాక్టర్ గారూ? - ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అనుమానం రావడం సహజమేనమ్మా, కానీ ఇందులో విషయముంది. మామూలు ఎక్స్‌రేలో ఎముక పల్చబడ్డట్టు మా కంటికి ఆనాలంటే అప్పటికే 30 నుంచి 40 శాతం ఖనిజం పోయుండాలి, అంతకుముందు ఎంత అనుభవమున్నా పట్టుకోవడం కష్టం. ఈ సాఫ్ట్‌వేర్‌కి బోలెడన్ని ఎక్స్‌రేలు, అదే మనుషుల డెక్సా రిజల్టులు కలిపి చూపించి నేర్పిస్తారు కాబట్టి ఎముక లోపలి అల్లికలో, పై పొర మందంలో సన్న తేడాలు కూడా పసిగడుతుంది, పైగా ఎలాగూ తీసిన ఎక్స్‌రేనే కదా, కొత్తగా రేడియేషన్ లేదు.

అయితే అది చెప్పేది అనుమానమే, పొరబడొచ్చు కూడా. అందుకే నడుము, తుంటి దగ్గర డెక్సా. అందులో వచ్చే టీ స్కోరు (ఆరోగ్యంగా ఉన్న వయసు పిల్లల ఎముకలతో పోలిస్తే ఎంత తేడా ఉందో చెప్పే అంకె) మైనస్ 2.5 గానీ అంతకన్నా కిందకి గానీ ఉంటే ఆస్టియోపొరోసిస్ (ఎముకలు గుల్లబారడం) అంటాం. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో ఇది ఎక్కువ, నొప్పుండదు, చాలామందికి బాత్రూంలో జారిపడి తుంటి విరిగాకే తెలుస్తుంది (మా దగ్గరికి వచ్చేది అప్పుడే!). చేయించండి. రిపోర్టు రాకముందే ఎవరో చెప్పారని మందులు మాత్రం మొదలెట్టకండి.