చెప్పి పంపు

చిన్నా,

రాత్రి నువ్వు పెట్టిన మెసేజ్ పొద్దున్న చూశాను. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకి పంపబోయే ప్యాచ్‌లో, అంటే కోడ్ మార్పులో, సగం పైన ఏఐ రాసింది, ఆ మాట చెప్తే చదవకుండానే క్లోజ్ చేసేస్తారేమో, చెప్పకపోతే ఏమవుతుంది అని కదా అడిగావు. చాలాసార్లు ఏమీ అవదు. నీ దగ్గర దాచడం ఎందుకు. కానీ దొరికిన రోజున ఆ ఒక్క ప్యాచ్‌తో పోదు, అంతకుముందు నువ్వు నిద్ర మానుకుని సొంతంగా రాసినవి కూడా మళ్లీ తవ్వి చూస్తారు.

మీ పెద్దమ్మ పెదజాలారిపేటలో ఒకామె దగ్గరే చేపలు కొంటుంది, మొప్ప ఎత్తి కూడా చూడదు. ఎందుకంటే ఆమే ముందు చెప్పేస్తుంది, ఇది నిన్నటిదమ్మా, ఐసులో ఉంది, పులుసుకైతే తీసుకెళ్లు అని. నిన్నటిదని చెప్పినా ఆ చేప అమ్ముడైపోతోంది మరి.

ముందు ఆ ప్రాజెక్టు కాంట్రిబ్యూటింగ్ ఫైల్ చదువు, బయటివాళ్లు కోడ్ ఎలా పంపాలో అందులోనే ఉంటుంది. జెంటూ అనే లైనక్స్ రకం వాళ్లు 2024 ఏప్రిల్‌లోనే ఏఐ రాసింది వద్దన్నారు. ఫెడోరా అనే ఇంకో లైనక్స్ రకంలో తీసుకుంటారు, అయితే వాడిన సంగతి చెప్పాలి, బాధ్యత మొత్తం పంపినవాడిదే. వద్దన్న చోట దొంగచాటుగా దూర్చకు, వాదనా పెట్టుకోకు.

ఇంకోటి, కమిట్ చేసే ప్రతి కోడ్ మార్పు చివర సైన్డ్-ఆఫ్-బై లైను అలవాటుగా కొట్టేస్తున్నావు, అది సంతకం రా. ఎస్‌సీవో కంపెనీ మా కోడ్ లైనక్స్‌లో ఉందంటూ 2003లో కోర్టుకెక్కింది, ఆ గొడవ తర్వాత 2004లో లైనక్స్ కెర్నెల్ (దాని మూల భాగం) రాసేవాళ్లు పెట్టుకున్న పద్ధతి అది. ఈ కోడ్ నేను రాశాను, లేదా ఈ లైసెన్సు కింద ఇచ్చే హక్కు నాకుంది అని దాని అర్థం. ఏఐ ఆ ఫంక్షన్‌ని ఎవరి కోడ్ చూసి నేర్చుకుందో నీకూ తెలియదు, నాకూ తెలియదు. ముందస్తు అనుమతి లేకుండా అలాంటి కోడ్ కమిట్ చెయ్యొద్దని నెట్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లు 2024లో అన్నది ఈ లైసెన్సు అనుమానంతోనే.

నేను చేసిన వెధవ పని కూడా విను. పోయిన ఏడాది ఒక చిన్న ప్రాజెక్టుకి ప్యాచ్ పంపాను. ఇక్కడ ఈ లాక్ ఎందుకు అని ఆ ప్రాజెక్టు చూసుకునే మెయింటైనర్ అడిగాడు. నాకు తెలియక ఏఐని అడిగి, అది చెప్పింది అలాగే అతికించాను. అతను రెండో ప్రశ్న వేశాడు, మళ్లీ అతికించాను, ఈసారి జవాబు మొదటిదానికి పూర్తి విరుద్ధం. పాపం ఒక్క మాట అనలేదు, థాంక్స్ అని క్లోజ్ చేశాడు. ఆ తర్వాత నేను స్వయంగా రాసి పంపిన ప్యాచ్ నాలుగు నెలలు ఎవరూ ముట్టుకోలేదు. అతని మీద నాకు కోపం రాలేదు, ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు రివ్యూ చేసే మనిషి, నేను నిమిషంలో పుట్టించినదానికి అతని సాయంత్రం తినేశాను.

నెట్ నుంచి డేటా తెచ్చే కర్ల్ టూల్ సంగతే చూడు. ఏఐతో అల్లిన ఉత్తుత్తి సెక్యూరిటీ రిపోర్టులు చదివి చదివి విసిగిపోయి, బగ్ కనిపెడితే డబ్బిచ్చే పథకాన్నే 2026 జనవరితో ఆపేశారు. కర్ల్ నడిపే అదే డేనియల్ స్టెన్‌బర్గ్, 2025లో ఒకతను ఏఐ టూల్స్‌తో వెతికి నిజమైన బగ్గులు పట్టి పంపితే మెచ్చుకుని సరిచేసుకున్నాడు. కాబట్టి ఏఐ పేరు వింటేనే తోసేస్తారన్న నీ టెన్షన్ అన్ని చోట్లా నిజం కాదు.

ప్యాచ్‌తో పంపే డిస్క్రిప్షన్ మాత్రం నువ్వే రాయి, ఇంగ్లీషు తప్పులున్నా పర్లేదు. ఏ భాగం ఏఐది, నువ్వేం మార్చావు, ఏ టెస్టులు నడిపావు, నాలుగు లైన్లు చాలు. రివ్యూలో అడిగినదానికి తెలియకపోతే తెలియదు, చూసి చెప్తాను అను.

నీ కోడ్ ఉన్న బ్రాంచ్ ఇందాకే చదివాను. పని కాకపోతే మళ్లీ ప్రయత్నించే రీట్రై లూప్‌లో 5 సెకన్లు ఆగమని పెట్టావు. 5 ఎందుకు? అది నువ్వు పెట్టిందా, ఏఐ పెట్టిందా? ఆదివారం మధురవాడ నుంచి వచ్చేటప్పుడు జవాబు పట్టుకురా, అప్పటిదాకా పంపకు.

పెదనాన్న