డ్రమ్ములు కదలకముందే

చిన్నమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. మీ ఊరి చివర షెడ్డులో ఉన్న ఆ విదేశీ విషపు చెత్త డ్రమ్ములను వారంలో తీయించేస్తానని యజమాని మాటిచ్చాడని, ఊళ్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారని రాశావు. నాకు టెన్షన్ మొదలైంది అక్కడే. తీసి ఎక్కడ పెడతాడట? ఇంకో ఊరి చెరువు గట్టునేగా! డ్రమ్ములతో పాటు సాక్ష్యమూ పోతుంది.

ముందు ఫోటోలు తీయి. డ్రమ్ము మీది చీటీలో పుర్రె గుర్తు, పంపిన దేశం, కంపెనీ పేరు చదవగలిగేలా, దూరంగా నిలబడి జూమ్ చేసి తీయి. కంటైనర్ ఇంకా అక్కడే ఉంటే దాని తలుపు మీద 4 అక్షరాలు, 7 అంకెలు ఉంటాయి, అవి ముఖ్యం. కస్టమ్స్ వాళ్లు కూపీ లాగేది దాంతోనే. కుర్రాళ్లు హుషారుగా మూతలు తీయబోతారు, కేకలేసి ఆపు. మేకలు అటు పోకుండా ముళ్లకంప కొట్టించండి.

2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో ఒక మంచి మాట ఉంది. అక్రమంగా దిగుమతి చేసుకున్న వ్యర్థాన్ని, అది దేశంలోకి వచ్చిన 90 రోజుల్లో దిగుమతిదారే తన ఖర్చుతో వెనక్కి పంపాలి. కాలుష్య నియంత్రణ మండలికి అర్జీలో అదే అడగండి. కలెక్టరుకూ కస్టమ్స్‌కూ నకళ్లు ఇచ్చి, ముద్ర వేయించుకోకుండా కదలొద్దు.

వెనక్కి పంపడం అయ్యే పనేనా అని మీవాళ్లు నవ్వుతారు. కొడైకెనాల్ సంగతి చెప్పు. అమెరికాలోని వాటర్‌టౌన్ నుంచి తెచ్చిన యంత్రాలతో అక్కడ హిందుస్థాన్ లీవర్ థర్మామీటర్ల ఫ్యాక్టరీ నడిచేది. 2001లో ఊళ్లోని పాత సామాను కొట్టులో పాదరసం అంటిన గాజు పెంకులు బయటపడ్డాయి. స్థానికులు, కార్మికులు రోడ్డెక్కారు. ఫ్యాక్టరీ మూతపడింది. 2003లో దాదాపు 290 టన్నుల పాదరసపు చెత్త ఓడెక్కి అమెరికా వెళ్లింది.

అయితే గుట్ట పోయినా మట్టి మిగిలింది. కిలో మట్టిలో ఎన్ని మిల్లీగ్రాముల పాదరసం ఉండొచ్చు, 10కి తగ్గించాలా, 20 ఉన్నా ఫర్వాలేదా అన్న పేచీ ఏళ్ల తరబడి సాగింది. మీ అర్జీలో 'శుభ్రం చేయాలి' అని ఊరికే రాస్తే నాలుగు పారలు మట్టి ఎత్తి అయిపోయిందంటారు. ఏ విషం, కిలోకి ఎంతకు తగ్గాలి, ఎవరు కొలవాలి అన్నవి కాగితం మీదికి రావాలి. అధికారులు మట్టి నమూనా తీసేటప్పుడు పంచనామా రాయించి, సీలు వేసిన రెండో భాగం మీ పంచాయతీకి ఇమ్మనండి. ఇవ్వకపోతే ఆ మాటా పంచనామాలో రాయించండి.

లారీ వచ్చిందంటే ఫారం 10, అంటే ప్రమాదకర వ్యర్థం వెంట ఉండాల్సిన రవాణా కాగితం, అడగండి. సరుకు ఏమిటో, ఎక్కడికి పోతోందో అందులో ఉండాలి. కాగితం లేని లారీని 100కి ఫోన్ చేసి ఆపించండి, మీరు మాత్రం చెయ్యి చేసుకోవద్దు. పర్యావరణ కేసులు చూసే చెన్నై హరిత ట్రిబ్యునల్‌కి వెళ్లాలంటే ఆరు నెలల గడువు ఉంటుంది, ఇప్పుడే వకీలుతో మాట్లాడిపెట్టుకో.

ఫోటోలు నాకూ ఒక సెట్టు పంపు.

మీ పెదనాన్న